పడవలో ఏ భాగానికి ఏ కర్ర? తరచుగా అడిగే ప్రశ్నలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ 61 రోజుల్లోనే బోట్లు ఒడ్డెక్కుతాయి, పాడైన పలకలు ఊడతాయి, కొత్త పడవలకు అడుగు దూలం పడుతుంది. నా ఫోను ఎక్కువగా మోగేది కూడా అప్పుడే. అడిగేవాళ్ళు మారతారు గానీ ప్రశ్నలు మారవు. మా నాన్న కాకినాడ దగ్గర తాళ్ళరేవు, కోరంగి వైపు పడవల మేస్త్రీ. కర్ర కొనడం, కోయించడం, ఆరబెట్టించడం నా వంతుగా ఉండేది. అలా తెలిసిందే ఇక్కడ రాస్తున్నాను. ఎవరికి కావాల్సిన ప్రశ్న వాళ్ళు చూసుకోవచ్చు, వరసగా చదవక్కర్లేదు. ఇదంతా చెక్క పడవల గురించే. ఫైబర్ బోట్ల సంగతి వేరు.

## కొనే ముందు

పడవకు అన్నిటికన్నా మంచి కర్ర ఏది?

అలాంటి కర్ర లేదు. "ఈ భాగం దేనివల్ల పాడవుతుంది?" అని అడిగితే జవాబు దొరుకుతుంది. అడుగు దూలం ఇసుక మీద ఈడ్చినప్పుడల్లా అరుగుతుంది, పురుగు కూడా దాన్నే ముందు పడుతుంది. పలకలు ఎండకు కుంచించుకుని, నీళ్ళకు ఉబ్బి, ఆ లాగులాటలో చెడతాయి. పక్కటెముకల్లా ఉండే వంపు కర్రలు మేకుల దగ్గర చీలతాయి. తెరచాప కొయ్య గాలికి విరుగుతుంది. డెక్కు, చేపల గది కుళ్ళుతాయి. ఇన్ని జబ్బులకు ఒకే మందు ఎక్కడుంటుంది? మంచి మేస్త్రీ కట్టిన పడవలో మూడు నాలుగు రకాల కర్ర ఉండటం మామూలే. అది పొదుపు కోసం చేసిన సర్దుబాటు అనుకోకండి.

మొత్తం టేకుతోనే చేయిస్తే ఏ టెన్షనూ ఉండదు కదా?

డబ్బు ఎక్కువవుతుంది, పడవ మాత్రం అంతకు తగ్గట్టు బాగుపడదు. టేకు గొప్పతనం గట్టిదనంలో లేదు. అది పెద్దగా కదలదు. తడిసినా ఎండినా కొలత అంతగా మారదు, దానిలోని సహజమైన నూనె వల్ల త్వరగా కుళ్ళదు. అందుకే పలకలకు, చుక్కానికి, డెక్కుకు అది దొర. అడుగు దూలానికి, ఇంజను కింద దిమ్మెలకు కావాల్సింది బరువు, గట్టిదనం. ఆరిన టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. నల్లమద్ది, గుగ్గిలం చెట్ల కర్ర 800 దాటుతుంది. పైగా టేకు చెట్టు నిటారుగా పెరుగుతుంది కాబట్టి వంపు కర్రలకు తగిన ముక్కలు దానిలో దొరకడం కష్టం.

తోటల్లో పెంచిన టేకు, అడవి టేకు ఒకటేనా?

ఎక్కడ పెరిగిందని కాదు, ఎన్నేళ్ళు పెరిగిందని అడగండి. నీళ్ళను, పురుగును తట్టుకునేది చెట్టు నడిమి చేవ. చుట్టూ ఉండే తెల్లభాగం ఏ చెట్టుదైనా త్వరగా పోతుంది, టేకుదైనా సరే. లేత తోట టేకులో ఆ తెల్లభాగం వాటా ఎక్కువ.

ఒకసారి మేం మోసపోయాం. ఒక డిపోలో పాతిక పలకలు కొన్నాం. బంగారు రంగులో, నూనె వాసనతో చూడ ముచ్చటగా ఉన్నాయి. ఇంటికొచ్చాక నాన్న ఒకదాన్ని బాడిసతో కొద్దిగా చెక్కారు. గోరు మందం రంగు లేచింది, కింద పాలలాంటి తెలుపు. పైపైన నూనె కలిపిన రంగు పూశారన్నమాట. అప్పటినుంచి పలక కొనేముందు చివరన కత్తిమొనతో ఒక గీత గీసి లోపలి రంగు చూడటం అలవాటైంది. అమ్మేవాడు మొహం మాడ్చుకుంటే ఆ షాపు వదిలేయడమే.

వేప చేదు కదా, పురుగు పట్టదు కదా. పడవకు వాడొచ్చా?

ఇంట్లో చెదను వేప బాగానే తట్టుకుంటుంది. సముద్రంలో కర్ర తొలిచేది చెద కాదు, ఆల్చిప్పల జాతికి చెందిన ప్రాణి. చూడటానికి పురుగులా పొడుగ్గా ఉంటుంది. చేదు దాన్ని ఆపుతుందని నమ్ముకోవద్దు. వేపలో ఇంకో చిక్కు పొడవు. మాను పొట్టిది, కర్ర గీత మెలికలు తిరుగుతుంది, పొడుగు పలకలు రావు. కాలువ పడవల్లో చిన్న వంపు కర్రలకు, అడ్డపట్టీలకు వాడుకోవచ్చు.

మన పక్కనే మడ చెట్లున్నాయి. వాటి కర్ర వాడితే?

వద్దు. కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, అక్కడ కొమ్మ కొట్టినా కేసే. చట్టం మాట అటుంచినా, తుఫాను గాలికి, అలకు మన ఊళ్ళకు అడ్డుగా నిలబడేది ఆ చెట్లే. 1839 ఉప్పెన కోరంగి రేవును ఎలా నాశనం చేసిందో అక్కడి పెద్దలకు ఇంకా కథగా గుర్తుంది.

మా పొలంలో చెట్టుంది. కొట్టించి పడవకు వాడుకుంటే ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా?

సొంత పొలమైనా ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో కనుక్కోండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టేముందు అనుమతి తీసుకోవాలి. టేకు వంటి కలప రోడ్డెక్కితే రవాణా పర్మిట్ కూడా కావాలి. తోటగా పెంచే సరుగుడు వంటి కొన్నిటికి సడలింపులున్నాయి. కాగితం లేకుండా బయల్దేరిన లారీ చెక్‌పోస్టులో ఆగితే కర్ర, కిరాయి, రోజులు అన్నీ పోతాయి.

## దుంగ దగ్గర

దుంగను కొలిచి చెప్పిన ఘనపుటడుగులు, నా లెక్క కలవడం లేదు. మోసమా?

మోసం కాకపోవచ్చు. దుంగల వ్యాపారంలో పాత పద్ధతి ఒకటుంది. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, 12 అడుగుల పొడవున్న దుంగ తీసుకోండి. నాలుగో వంతు ఒక అడుగు. ఒకటిని ఒకటితో, ఆపైన 12తో గుణిస్తే 12 ఘనపుటడుగులు. గుండ్రటి దుంగగా లెక్క కడితే నిజానికి 15.3 దాకా వస్తుంది. కోతలో చెక్కపొట్టు, పక్క చెక్కలు పోతాయి కాబట్టి ఈ పద్ధతి ఆ మేరకు ముందే తగ్గించి చూపుతుంది. కాబట్టి ధర మాట్లాడే ముందు ఏ లెక్క ప్రకారమో అడగండి. చుట్టుకొలత దుంగ నడుమ తీస్తున్నారా, లావు చివర తీస్తున్నారా అన్నది కూడా దగ్గరుండి చూడండి. అసలు తేడా వచ్చేది అక్కడే.

దుంగను చూడగానే ఏం గమనించాలి?

ముందు రెండు కొసల దగ్గర కూర్చోండి. నడిమి నుంచి నక్షత్రంలా పగుళ్ళు ఉంటే అవి లోపలికి ఎంత దూరం వెళ్ళాయో తెలియదు, ఆ పొడవు వదులుకోవాల్సిందే. వలయాల వెంట గుండ్రంగా విడిపోయి ఉంటే అసలు వద్దు, పలక కోయగానే పొరలుగా లేస్తుంది. నడిమి బొడ్డు పక్కకు జరిగి ఉంటే ఆ చెట్టు వంగి పెరిగిందని అర్థం. దాని పలకలు ఆరేటప్పుడు మెలితిరుగుతాయి, వంపు కర్రలకైతే పనికొస్తాయి. బెరడు మీద గీతలు తాడు పేనినట్టు చుట్టుకుంటూ పోతే లోపలి కర్రా అలాగే ఉంటుంది.

తర్వాత గొడ్డలి వెనక వైపుతో ఒక కొస మీద కొట్టించి, రెండో కొసకు చెవి ఆనించండి. గట్టి దుంగ ఖంగుమంటుంది. లోపల కుళ్ళినది మొద్దుగా, మూసిన తలుపు కొట్టినట్టు పలుకుతుంది. రెండు మూడు దుంగల మీద కొట్టి చూస్తే తేడా చెవికే తెలుస్తుంది.

అమావాస్యకు కొట్టిన వెదురుకు పురుగు పట్టదంటారు. నిజమేనా?

అమావాస్య సంగతి నేను తేల్చలేను గానీ, కాలం మాత్రం ముఖ్యమే. వెదురులో పిండి పదార్థం ఎక్కువున్నప్పుడు కొడితే పొడి రాల్చే పురుగు పడుతుంది. లేత గెడలు కాకుండా మూడేళ్ళు దాటినవి, వానలు తగ్గాక కొట్టించి, కొన్ని వారాలు నీళ్ళలో నానబెట్టి ఆరబెడితే పురుగు తగ్గుతుంది.

## కోత, ఆరబెట్టడం

మిల్లులో ఎలా కోయమని చెప్పాలి?

కర్ర ఎండేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. వలయాల వెంట కుంచించుకునేది, నడిమి నుంచి బయటికి కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. దుంగను రొట్టె కోసినట్టు ఒకే వైపు నుంచి కోసుకుంటూ పోతే బయటి పలకలు దోసెలా అంచులు లేపుతాయి. నీళ్ళలో ఉండే పలకలకు, చుక్కానికి వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా కోయమనండి. అంటే దుంగను ముందు నాలుగు భాగాలు చేసి కోయడం. కర్ర వృథా ఎక్కువ, మిల్లువాడు విసుక్కుంటాడు. అన్నిటికీ అలా చేయించక్కర్లేదు, మునిగి ఉండే పలకలకు చేయిస్తే చాలు. నడిమి బొడ్డు ఉన్న ముక్కను మాత్రం పలకగా వాడకండి, అది పగలక మానదు.

ఎంతకాలం ఆరాలి?

గట్టి కర్రకు నీడలో, గాలి ఆడే చోట అంగుళం మందానికి సుమారు ఏడాది అని పాత లెక్క. నేలకు ఒక అడుగైనా ఎత్తున, పలకకూ పలకకూ మధ్య ఒకే మందం పట్టీలు పెట్టి, ఆ పట్టీలు ఒకదానిమీద ఒకటి నిలువుగా వచ్చేలా పేర్చండి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. పట్టీ వరస తప్పితే పై బరువుకు కింది పలక ఒంగి, అదే వంపులో ఆరిపోతుంది. కొసల నుంచి తేమ త్వరగా పోయి పగుళ్ళు వస్తాయి కాబట్టి కోసిన రోజే అక్కడ పాత పెయింటో మైనమో పూయండి. ఎండలో పడేస్తే త్వరగా ఆరుతుందన్నది పైపై మాట. పైపొర ఆరి బిగుసుకుంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది.

ఆరిందో లేదో మీటరు లేకుండా ఎలా తెలుస్తుంది?

వంటింటి త్రాసు చాలు. పలక కొస నుంచి ఒకటిన్నర అడుగు వదిలి ఒక చిన్న ముక్క కోయండి, ఎందుకంటే కొస ఎప్పుడూ ముందే ఆరి ఉంటుంది. వెంటనే తూచండి. తర్వాత ఓవెన్‌లో వంద డిగ్రీలకు కాస్త పైన పెట్టి, గంటకోసారి తూస్తూ, బరువు ఇక తగ్గదనే దాకా ఉంచండి. తడి బరువు 240 గ్రాములు, పొడి బరువు 200 అనుకోండి. పోయిన 40ని 200తో భాగిస్తే తేమ 20 శాతం. పడవ పలకలకు 15 శాతం చుట్టుపక్కల ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

ఎంత ఎండితే అంత మంచిది కదా?

కుర్చీకి, బీరువాకు అది నిజం. పడవ పలక నీళ్ళలో ఉబ్బాలి, ఆ ఉబ్బుతోనే సందులు మూసుకోవాలి. మరీ ఎండిన పలకలను బిగించి కూర్చితే నీళ్ళలో దిగాక ఉబ్బడానికి చోటు లేక మేకులను పీకుతాయి, వంపు కర్రలను చీలుస్తాయి. పచ్చిగా కూర్చితే ఒడ్డు మీద ఎండకు వేలు దూరేంత సందులొస్తాయి.

దుంగను చెరువులో నానబెట్టమంటున్నారు. పిచ్చి పనా?

కాదు, మంచి అలవాటే. మంచినీళ్ళలో కొన్ని నెలలు మునిగి ఉంటే కర్రలోని పస, పిండి పదార్థం కారిపోతాయి. పొడి పురుగు బెడద తగ్గుతుంది, తర్వాత పగుళ్ళూ తక్కువ. దుంగ పూర్తిగా మునగాలి, సగం తేలితే నీటి గీత దగ్గర కుళ్ళు మొదలవుతుంది. ఉప్పుటేరులో మాత్రం పడేయకండి, తొలిచే ప్రాణికి విందు పెట్టినట్టే. నానబెట్టాక కూడా నీడలో ఆరబెట్టాల్సిందే.

## ఏ భాగానికి ఏది

అడుగు దూలానికి ఏం వాడాలి?

అతుకు లేకుండా పొడవుగా దొరికే, బరువైన, గట్టి కర్ర. ఉత్తరాంధ్ర, ఒడిశా అడవుల్లో పెరిగే గుగ్గిలం దీనికి సరిగ్గా సరిపోతుంది. నల్లమద్ది కూడా మంచిదే, కాకపోతే ఆరేటప్పుడు పగుళ్ళు ఎక్కువ కాబట్టి ఓపిక కావాలి. ఒడ్డుకు ఈడ్చే పడవైతే దూలం కింద విడిగా ఒక అరుగుడు పట్టీ వేయించండి. రెండు మూడేళ్ళకోసారి పట్టీ మారుతుంది, దూలం ఉంటుంది.

వంపు కర్రలకు నిటారు చెక్కను వంపుగా కోస్తే సరిపోదా?

సరిపోదు. అలా కోస్తే వంపు దగ్గర కర్ర పోగులు అడ్డంగా తెగుతాయి, మొదటి గట్టి దెబ్బకు అక్కడే విరుగుతుంది. పోగు వంపు వెంట సాగాలి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు, మా పనిలో మాత్రం వంగి పెరిగిన మానునే వెతుక్కుంటాం. నల్లతుమ్మ అందుకే మాకు బంగారం. కాలువ గట్ల మీద గాలికి ఒరిగి, కొమ్మలు మోచేతుల్లా విరిసి పెరుగుతుంది. గట్టిది, మేకును పట్టుకుంటుంది. మేస్త్రీలు రేకుతోనో పలచటి చెక్కతోనో చేసిన అచ్చు భుజాన వేసుకుని చెట్టు చుట్టూ తిరుగుతారు, ఏ కొమ్మలో ఏ వంపు దాగుందో చూస్తూ. నాన్న రోడ్డు మీద బస్సులో వెళ్తూ కూడా కిటికీలోంచి తుమ్మలనే చూసేవారు.

పలకలకు టేకు కొనలేను. ఇంకేం ఉంది?

ఏగిస మంచి ఎంపిక. చేవ గట్టిది, చాలాకాలం మన్నుతుంది. కొత్తలో తడిస్తే పసుపు, గోధుమ రంగు కారుతుంది, కంగారు పడకండి. మునిగే పలకల్లో టేకు, నీటి గీతకు పైన చవక కర్ర వేసి సర్దుకునేవాళ్ళు చాలామంది. మామిడి చవక, సులువుగా కోతకు వస్తుంది, కానీ తనంతట తాను మన్నదు. ఒత్తిడితో మందు ఎక్కించిన మామిడైతే వేరు మాట. తక్కువ రకం కర్రను మందుతో నిలబెట్టొచ్చని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రబ్బరు చెట్టు కర్రతో పడవ చేసి చూపించింది. బ్రష్షుతో పూసిన మందు మాత్రం ఒత్తిడితో ఎక్కించినదానికి సాటి రాదు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు ఎక్కించిన చెక్కపొట్టును, ముక్కలను పొయ్యిలో కాల్చకండి, ఆ పొగ విషం.

తెరచాప కొయ్యకు, తెడ్లకు?

కొయ్యకు తీరంలో అందరికీ దొరికేది సరుగుడు. నిటారుగా, సన్నగా, ముడులు తక్కువగా ఉన్నది చూసుకోండి. అది త్వరగా చీలుతుంది కాబట్టి నెమ్మదిగా ఆరనిచ్చి, తాడు పడే చోట గట్టిగా కట్టు వేయించండి. కొన్నేళ్ళకు మార్చేదే అనుకుని కొనండి. పొన్న మాను దొరికితే ఇంకా మేలు. పరమానుకు (తెరచాపను కట్టే అడ్డ కర్రకు), గెడకు వెదురును మించింది లేదు. తెడ్డుకు వెదురు లేదా సరుగుడు కర్ర, చివర తేలికైన పలక. బరువు తెడ్డు రోజంతా వేసేవాడి భుజాన్నే అడగండి, చెబుతుంది.

మెరైన్ ప్లైవుడ్ అని అమ్ముతున్నారు. నమ్మొచ్చా?

షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందేమో చూడండి. వాటర్‌ప్రూఫ్ అని మాటల్లో చెప్పేది వేరు. మామూలు ప్లైవుడ్ ప్రమాణం ఐఎస్ 303. అనుమానముంటే చిన్న ముక్కను మూత గిన్నెలో, నీళ్ళు పోసుకుంటూ, మూడు రోజులు ఉడకబెట్టండి. పొరలు విడిపోతే షీటు వెనక్కి పంపండి. నిజమైనదైనా కోసిన అంచులను ఎపాక్సీతో మూయకపోతే నీళ్ళు అక్కడినుంచే తాగుతుంది.

కొల్లేటి తాటి దోనెలు, తెప్పలు మెత్తటి కర్రతోనే కదా? అవెలా మన్నుతాయి?

తాటి మానులో గట్టిదనం బయటి వలయంలో ఉంటుంది, నడుమ మెత్తటి పీచు. ఆ నడుము తీసేస్తే దోనె దానంతటదే తయారు, లావైన మొదలు ఒక కొస. పైగా కొల్లేరు మంచినీరు, సముద్రపు తొలిచే ప్రాణి అక్కడ ఉండదు. తెప్ప సంగతి ఇంకా సులువు. బూరుగు, చిగర వంటి తేలిక దుంగలను తాళ్ళతో కడతారు. వేట అయ్యాక విప్పి ఇసుక మీద ఆరేస్తారు. కర్రలో దూరిన ప్రాణి ఆ ఎండకు బతకదు. మెత్తటి కర్రను నిలబెట్టేది ఆ ఆరబెట్టే అలవాటే.

## బిగింపు, నీళ్ళలో దిగాక

మేకులు ఏవి కొనాలి?

మంచి గాల్వనైజింగ్ ఉన్న ఇనుప మేకులు, లేదా స్థోమత ఉంటే రాగివి. రెండూ కలిపి వాడొద్దు. ఉప్పునీళ్ళలో రెండు లోహాలు పక్కపక్కనుంటే బ్యాటరీలా పనిచేసి ఒకటి తినుకుపోతుంది. స్టెయిన్‌లెస్ అయితే 316 రకం అడగండి. తుమ్మ, మద్ది వంటి వగరు కర్రలో మామూలు ఇనుము నల్లటి మరక తేలుస్తుంది, చుట్టూ కర్ర మెత్తబడుతుంది. గట్టి కర్రలో ముందు బర్మాతో కన్నం వేయకుండా మేకు కొట్టించకండి.

పైకి పలక బాగానే ఉంది, లోపల తేనెతుట్టెలా ఉంది. ఎలా జరిగింది?

తొలిచే ప్రాణి పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది తలంత కన్నంతో దూరుతుంది, పెరగడమంతా లోపలే. బయట కన్నం పెద్దదవదు. ఒడ్డెక్కించినప్పుడు సన్న రంధ్రాలు కనిపిస్తే చుట్టూ సుత్తితో తట్టి, కత్తిమొన గుచ్చి చూడండి. సున్నపు పూత ఉన్న సొరంగాలు బయటపడితే పలక మార్చడమే. రక్షణ రెండు దారులు. పెయింటు పొర ఎక్కడా గీరుకుపోకుండా చూడటం ఒకటి. వీలుంటే పడవను కొన్ని వారాలు మంచినీటి పాయలోకి తీసుకుపోవడం రెండోది, ఉప్పు తగ్గితే ఆ ప్రాణి చస్తుంది.

ఉప్పునీళ్ళు తగలని డెక్కే ముందు కుళ్ళిందేంటి?

కుళ్ళు తెచ్చే బూజుకు మంచినీళ్ళు ఇష్టం, ఉప్పు పడదు. వాననీళ్ళు, చేపల గదిలో కరిగిన ఐసు నీళ్ళు సందుల్లో నిలిచి, గాలి ఆడకపోతే కర్ర పోతుంది. మంచి చేవ వేస్తే సగం పనే అవుతుంది. నీళ్ళు జారే వాలు, గాలాడే కన్నాలు కూడా పెట్టించండి. రోజూ మూతలు తీసి ఆరనివ్వండి.

పాత పడవ విప్పితే వచ్చిన కర్ర మళ్ళీ వాడొచ్చా?

చేవ గట్టిగా ఉంటే నిస్సందేహంగా. ఏళ్ళ తరబడి కదిలి కదిలి స్థిరపడిన కర్ర అది. మేకు కన్నాల చుట్టూ నల్లగా, మెత్తగా ఉన్న భాగం కోసి పారేయండి, కన్నాలకు అదే కర్ర బిరడాలు కొట్టండి. మిల్లుకు పంపే ముందు పలక పొడవునా అయస్కాంతం జరిపి చూడండి. రాగి మేకులు దానికి దొరకవు, వాటికి కళ్ళే గతి. లోపల మిగిలిన ఒక్క విరిగిన మేకు చాలు, రంపపు బ్లేడు పళ్ళూడటానికి. ఆ బ్లేడు డబ్బు మీ బిల్లులోనే వస్తుంది.